చెవికెక్కిన మాయాకథలు

ఒక గ్రంథాన్ని ఆద్యంతం చదివి ధ్వనిముద్రణ చేసిన దానిని ఆడియో పుస్తకమంటారు. ఆంగ్లంలో అట్లు వెలువడుతున్న వానిలో, యువజనులకై రచింపబడిన కరీబియన్ అద్భుతగాథలు మన విద్యార్థులు ప్రత్యేకించి వినదగినవి.

ఆ ద్వీపాల కథలు నౌకలలో వచ్చినవి. బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికా ప్రజలతో అనాన్సి అనే జిత్తులమారి సాలెపురుగు వచ్చింది. 1838లో గయానాకు, 1845లో ట్రినిడాడ్‌కు భారతీయ కూలీలు చేరారు. మద్రాసు రేవున ఓడలెక్కిన తెలుగువారును వారిలో ఉన్నారు. మన మొహర్రం అక్కడ ‘హోసే’ అయినది. వారి సంతతివారు పలువురు లండనుకు, టొరంటోకు, న్యూయార్కుకు వలసపోగా, విన్న కథలే అక్కడ నవలలైనవి.

ట్రినిడాడ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ట్రేసీ బాప్టిస్ట్ 2015లో ‘ది జంబీస్’ ప్రచురించింది. జంబీలనగా దయ్యాలు. కథానాయిక కొరిన్‌కు తోడుగా ద్రూ అనే భారత సంతతి బాలిక ఉన్నది. ఆమె పూర్తి పేరు ద్రూపతీ, అనగా మన ద్రౌపదియే! ఆ దీవి కథలలో డ్వెన్‌లనే పిల్లదయ్యాల పాదాలు వెనుకకు తిరిగి ఉంటాయి. మన అవ్వలు చెప్పే దయ్యాలకూ, ఉర్దూ కథలలోని పిచ్ఛల్‌పైరీకీ ఇదే గుర్తు.

ఇట్టి కథలను వినడంలో విశేషమేమి? ద్వీపవాసుల పలుకు కాగితంపై తప్పుల ఆంగ్లంవలె తోస్తుంది. ఆ యాస ఎరిగినవారు చదివితే అదే పలుకు లయతో, హాస్యంతో నిండు భాషగా వినిపిస్తుంది. జమైకా కవయిత్రి లూయిస్ బెన్నెట్ అనాన్సి కథలను ప్రజల వాడుకలోనే వినిపించి ఈ సత్యాన్ని ముందే నిరూపించినది.

మనకిది కొత్త విద్య కాదు. దాస్తాన్‌గోలు అమీర్ హంజా సాహసాలను రాత్రుల తరబడి చెప్పేవారు. ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ లక్నోలో 1883 నుండి అచ్చయినది గాని, దాని ప్రాణం గొంతులోనే. చివరి ప్రసిద్ధ దాస్తాన్‌గో మీర్ బాకర్ అలీ 1928లో ఢిల్లీలో మరణించాడు. 2005లో ఆ కళ పునరుద్ధరింపబడినది. తెలుగునాట బాలనాగమ్మ కథను బుర్రకథగా ఆబాలగోపాలం విన్నది. చిలుకలో దాగిన మాయల ఫకీరు ప్రాణాన్ని తీసినవాడు బాలవర్ధిరాజనే చిన్నవాడే గదా!

అయితే మన దక్కనీ సంగతి వేరు. ‘నక్కో’, ‘హౌ’ అనే పలుకును నవ్వుకు తప్ప దేనికీ పనికిరానట్లు చూస్తున్నాము. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ఇండ్లలో నానీలు, దాదీలు, అమ్మమ్మలు చెప్పే జిన్నుల కథలు వారితోనే పోవలసినవేనా? మన ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి ఈ సంవత్సరమే వాటిని ధ్వనిముద్రణ చేయవచ్చును. అందుకు ఒక సెల్‌ఫోను, తలుపు మూసిన గది చాలు. కథకుల పలుకును మాత్రం దిద్దరాదు. ప్రతి కథకు ముందు అది ఎవరి వద్ద, ఏ ఊరిలో విన్నారో వారి నోటనే చెప్పించవలెను.