ఏకఘాత సమీకరణములు – హారక విచారము

రెండు వస్తువుల విడివిడి వెలలు తెలియవు. వానిని కలిపి కొన్న మొత్తములు మాత్రము తెలియును. వెలలను రాబట్టుటెట్లు? వర్తకమున పుట్టిన యీ ప్రశ్నయే నేటి మాత్రికాగణితమునకు బీజము. ఉత్తరము కొరకు యత్నించుటకు ముందే, చేతనున్న లెక్కలు దాని నీయగలవా యని విచారింపవలెనని చూపుట యీ వ్యాసోద్దేశము.

క్రీ. శ. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. కన్నడదేశమున వెలసిన యా గ్రంథమును పావులూరి మల్లన తెనిగించెను. సంస్కృత మూలమున నొక లెక్క కలదు: 9 మాదీఫలములకును 7 వెలగపండ్లకును వెల 107, 7 మాదీఫలములకును 9 వెలగపండ్లకును వెల 101. ఒక్కొక్క పండు వెల యెంత?

ఆచార్యుని మార్గమిది. పెద్ద వెలను పెద్ద సంఖ్యచేతను, చిన్న వెలను చిన్న సంఖ్యచేతను గుణింపగా 963, 707 వచ్చును. వాని భేదము 256. సంఖ్యల వర్గములైన 81, 49ల భేదము 32. 256ను 32చే భాగింపగా మాదీఫలము వెల 8. దానినిబట్టి వెలగపండు వెల 5. ఇందలి హారకమైన 32నే ఆధునికులు నిర్ధారకమందురు. లెక్క ప్రాణమంతయు నందే కలదు.

హారకము మరీ చిన్నదైనచో నేమగును? అవే వెలలతో 100 మాదీఫలములు, 99 వెలగపండ్లు కొన్నచో 1295. 99 మాదీఫలములు, 98 వెలగపండ్లు కొన్నచో 1282 అగును. ఇచట అడ్డముగా గుణించిన లబ్ధములు 9800, 9801. భేదము ఒకటి మాత్రమే. వ్రాయసకాడు 1282కు మారుగా 1283 వ్రాసెననుకొందము. అప్పుడు మాదీఫలము వెల 107, వెలగపండు వెల ఋణము 95 అని వచ్చును! మొదటి లెక్కలో 101కి మారుగా 102 వ్రాసినను, వెలలు సుమారు 7.8, 5.3 అగునే కాని యింత వికటింపవు. కావున గణించువాడు తప్పు చేయకున్నను, కొలతలందలి స్వల్పదోషము ఫలితమును తలక్రిందులు చేయవచ్చును.

హారకము శూన్యమైనచో? 9 మాదీఫలములకు, 7 వెలగపండ్లకు 107 అనియు, 18 మాదీఫలములకు, 14 వెలగపండ్లకు 214 అనియు చెప్పినచో, రెండవ వాక్యము మొదటిదానికి ద్విగుణమే. క్రొత్త విషయము లేదు. విడివిడి వెలలు నిర్ణయింపరావు. అయినను 27 మాదీఫలములకు, 21 వెలగపండ్లకు వెల 321 అని నిస్సంశయముగా చెప్పవచ్చును. కొన్ని ప్రశ్నలకు తావు లేకున్నను, మరికొన్నింటికి నిశ్చితమైన యుత్తరము కలదు.

ఇట్టి సమీకరణములకు క్రమమైన మార్గము చూపినవారిలో ప్రముఖుడు కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023). ఈయన నేటి కర్ణాటకములోని హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము నభ్యసించి, కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో పెక్కేండ్లు పరిశోధించెను. శూన్య నిర్ధారకముగల మాత్రికకు విలోమము లేదు. దానికి మారుగా పనిచేయు సాధారణీకృత విలోమమును ఆయన 1962లో వివరించి, 1971లో సుజిత్ కుమార్ మిత్రాతో గూడి గ్రంథముగా వెలయించెను. అట్టి విలోమములు పెక్కు లుండవచ్చును. దేనిని గ్రహించినను, నిశ్చితముగా చెప్పదగిన విషయములందు ఫలితము మారదు.

దీని ప్రయోజనము వ్యవసాయ పరీక్షలందు స్పష్టము. పెక్కు వరి వంగడములను పండించి తూచునపుడు, దిగుబడిలో వంగడమువలన వచ్చిన దెంత, నేల మొదలగు సామాన్య కారణములవలన వచ్చిన దెంత యని పూర్తిగా విడదీయ శక్యము కాదు. కాని ఒక వంగడముకంటె మరొకటి యెంత హెచ్చు పండునో చెప్పవచ్చును. కర్షకునకు కావలసినదియు నదియే. ఉన్న లెక్కలు దేనికి బదులీయగలవో యెరిగి ప్రశ్నించుటయే అనువర్తిత గణితమున ప్రథమ సోపానము.