కేసీ కాలువకూ జపాను యుద్ధానికీ లంకె ఏమిటి?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో కేసీ కాలువ కింద ఎకరమో రెండెకరాలో ఉన్న రైతుకు ఆ కాలువ కథ కాటన్ దొర దాకా తెలుసు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, గిట్టుబాటు కాలేదు, 1882లో సర్కారు కొనేసింది. అయితే రెండో ప్రపంచ యుద్ధానికీ మీ తూములో పారే నీళ్లకూ సంబంధం ఉందంటే నమ్ముతారా? ఉంది. కాస్త వెనక్కి పోవాలి.

యుద్ధం 1939లో యూరప్‌లో మొదలైంది. దాని సెగ మన పొయ్యిల దాకా వచ్చింది మాత్రం 1942లో. ఆ ఏడాది మార్చిలో జపాను సైన్యం రంగూన్‌ను పట్టుకుంది. రంగూన్ పోతే మనకేమిటి అనుకోకండి. అప్పట్లో బర్మా నుంచి మన దేశానికి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం ఓడల్లో దిగేది. అదంతా ఒక్కసారిగా నిలిచిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. మరుసటి ఏడు బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. బర్మా బియ్యం ఆగడం ఒక్కటే దానికి కారణం కాదు. యుద్ధ ఖర్చుతో పెరిగిన ధరలు, దాచేసిన సరుకు, తెల్లదొరల నిర్లక్ష్యం అన్నీ కలిశాయి.

కర్నూలు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. పట్నాల్లో రేషన్ వచ్చింది. పల్లెల్లో రైతు పండించినదాంట్లో తిండికీ విత్తనానికీ ఇంత అని ఉంచుకుని, మిగతాది సర్కారు చెప్పిన ధరకు కొలవాల్సి వచ్చింది. యుద్ధం ముగిసినా కంట్రోళ్లు పోలేదు. 1952లో రాజాజీ ముఖ్యమంత్రిగా వాటిని ఎత్తేసే దాకా రైతుకు ఆ బాధ తప్పలేదు. ఇంట్లో తొంభై ఏళ్లకు దగ్గరపడ్డ పెద్దలుంటే కంట్రోలు కాలం గురించి అడిగి చూడండి. ఇప్పటి చౌకధరల దుకాణానికి మూలం ఆ రేషనే.

తుంగభద్ర ఆనకట్ట ఆలోచన పాతదే అయినా, శంకుస్థాపన జరిగింది యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1945 ఫిబ్రవరి 28న. తర్వాత ఆ జలాశయంలో కేసీ కాలువకు 10 టీఎంసీల వాటా దక్కింది. సుంకేసుల దగ్గర నది ఎండినప్పుడు ఆదుకునేది ఆ వాటానే.

ఇక జపాను. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి పట్టణాల మీద అణుబాంబులు పడ్డాక లొంగిపోయింది. ఓడిన దేశం దగ్గర నష్టపరిహారం రాబట్టుకోవడం లోక రివాజు. బర్మా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా తీసుకున్నాయి కూడా. మన దేశం మాత్రం 1951లో అమెరికా నడిపించిన శాన్‌ఫ్రాన్సిస్కో సంధిలో చేరలేదు. 1952 జూన్ 9న జపానుతో విడిగా సంధి చేసుకుని, పరిహారం అక్కర్లేదని రాసిచ్చింది. మనమే అన్నానికి అలమటిస్తున్న రోజుల్లో అలా వదులుకోవడం చిన్న సంగతి కాదు. 1958లో జపాను ప్రభుత్వం యెన్లలో విదేశాలకు అప్పులివ్వడం మొదలుపెట్టినప్పుడు తొలి అప్పు మన దేశానికే ఇచ్చింది.

అలాంటి అప్పే 1996లో మన కేసీ కాలువకు వచ్చింది, 1,600 కోట్ల యెన్ల దాకా. 306 కిలోమీటర్ల కాలువ, 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు. నూరేళ్లు దాటిన గట్లు, ఊటగా పోయే నీళ్లు, శిథిలమైన కట్టడాలు. ఎగువన పారినంత కాలం పారి, కింది వాళ్ల దగ్గరికి వచ్చేసరికి కాలువ ఎండేది. ఆ డబ్బుతో లైనింగు, కట్టడాల మరమ్మతు చేపట్టారు. 2004లో రెండో విడత అప్పు కూడా తెచ్చారు. అన్నం ఓడలను ఆపిన దేశమే అన్నం పండించే కాలువకు డబ్బు సర్దింది. ఇది ఊరికే వచ్చింది కాదు సుమా, వడ్డీతో తీర్చాల్సిన అప్పు. మీరు కట్టే పన్నుల్లోంచి పోయేదే.

అందుకే అడిగే హక్కు మీకుంది. లైనింగు చేసినంత మాత్రాన చివరి తూముకు నీళ్లు రావు. పిల్లకాలువ పూడిక తీయాలి, షట్టరు పనిచేయాలి, ఎగువ రైతులు వంతు పాటించాలి. శ్రీశైలం నీళ్లు బనకచర్ల నుంచి నిప్పులవాగు మీదుగా కేసీకి కలుస్తున్నా, ఏ పంటకు ఎప్పుడు ఎంత వదలాలో తేల్చేది జిల్లా సాగునీటి సలహా మండలి సమావేశమే. 1997 చట్టం కింద ఏర్పడ్డ నీటి సంఘంలో ఆయకట్టు రైతు ఎంత చిన్నవాడైనా సభ్యుడే. వరి నాట్లకు నారు పోయకముందే మీ సంఘం అధ్యక్షుణ్ణి కలిసి, మీ తూము కింద ఈసారి వరికి నీళ్లిస్తారా, ఆరుతడికేనా, చివరి తడి ఏ తేదీ దాకా అన్నది కనుక్కోండి.