పేరు పెట్టేది అమ్మానాన్న... బిరుదు ఇచ్చేది ఊరు!

మామిడిపళ్ళ రోజుల్లో మా హనుమాన్ జంక్షన్ వైపు ఎప్పుడైనా వచ్చారా? నూజివీడు తోటల కాయలు అమ్మేవాళ్ళ దగ్గర నిలబడి తోతాపురి కావాలని అడిగి చూడండి. "కలెక్టరు కాయలా అమ్మా?" అని ఎదురడుగుతారు. మా వైపు ఆ కాయకి అదే పేరు. మా ఊరి సంగతీ అంతే. కూడలిలోని ఆంజనేయస్వామి గుడిని బట్టి జనం పిలిచిన పిలుపే ఊరి పేరై కూర్చుంది. పదిమంది నోట్లో పడ్డ పేరుకి అంత బలం ఉంటుంది మరి!

మనుషుల విషయంలోనూ ఇంతే. మన పిల్లలు 'ఆంధ్రకేసరి', 'అమరజీవి' అని పరీక్షల కోసం బట్టీ పట్టేస్తారు. ఆ పేర్లు ఎందుకొచ్చాయని అడిగితే మాత్రం మన మొహం చూస్తారు. అందుకే నాలుగు సంగతులు చెబుతున్నాను. రాత్రి అన్నాలు పెట్టేటప్పుడు మీరూ వాళ్ళకి చెప్పండి.

రొమ్ము చూపిన కేసరి

టంగుటూరి ప్రకాశంగారి చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచుకొచ్చారు. పదిమందికీ వండి వడ్డించిన ఆ తల్లి కొడుకే పెద్ద బారిష్టరయ్యారు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ వద్దంటూ మద్రాసులో హర్తాళ్ జరిగింది. పోలీసు కాల్పుల్లో ఒక మనిషి చనిపోయాడని విని ప్రకాశంగారు చూడబోతే తుపాకులు అడ్డుపెట్టారు. ఆయన చొక్కా తెరిచి, కాల్చుకోమని రొమ్ము చూపించి నిలబడ్డారు. ఆ రోజు నుంచి ఆయన జనానికి 'ఆంధ్రకేసరి'. కేసరి అంటే సింహమే కదా!

'పొట్టి' ఎత్తును బట్టి వచ్చింది కాదు

పొట్టి శ్రీరాములుగారు పొట్టిగా ఉండేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు పిల్లలు అనుకుంటారు. కాదండీ, అది వాళ్ళ ఇంటిపేరు. తెలుగువాళ్ళకి వేరే రాష్ట్రం కావాలని 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్షకి కూర్చున్నారు. 58 రోజులు పచ్చి మెతుకు ముట్టకుండా డిసెంబరు 15న కన్నుమూశారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ప్రాణం పోయినా పోనివాడు అని ఆయన్ని 'అమరజీవి' అన్నారు.

గరిటెతో సంపాదించిన పేరు

బిరుదులన్నీ మగవాళ్ళవేనా అంటారేమో. డొక్కా సీతమ్మగారి పేరు వినే ఉంటారు. కోనసీమలో లంకల గన్నవరం ఆవిడ అత్తవారి ఊరు. మన విమానాశ్రయం ఉన్న గన్నవరం కాదు సుమా! గోదావరి పాయలు దాటి అలసి వచ్చే బాటసారులకి వేళ కాని వేళ అయినా పొయ్యి వెలిగించి వండిపెట్టేవారు. ఏ కులమని గానీ, ఎవరని గానీ అడిగేవారు కారు. ఆవిడ ఉపన్యాసాలు ఇవ్వలేదు, జైలుకి వెళ్ళలేదు. రోజూ మనం చేసే పనే చేశారు. ఇంట్లోవాళ్ళతో ఆపకుండా ఊరందరికీ చేశారు. అందుకే 'అపర అన్నపూర్ణ' అయ్యారు. 1909లో పోయిన ఆవిడ పేరే 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి పెట్టారు.

చులకన పోయి గౌరవం మిగిలింది

తెలంగాణలో పాలకుర్తి ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. కానీ కులవృత్తిని తగిలించి చాకలి ఐలమ్మ అనే పిలిచారు. 1940ల్లో ఆమె సాగుచేసుకుంటున్న నాలుగెకరాల మీద విసునూరు దేశముఖ్ కన్ను పడింది. ఆమె బెదిరిపోలేదు. సంఘం వాళ్ళ అండతో పండిన పంటని తన ఇంటికే చేర్చుకుంది. ఆమె 1985లో పోయింది. 2024లో హైదరాబాద్ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు, 'చాకలి' అన్న మాటతో సహా! ముందు 'వీరనారి' అని చేర్చారు. పేరు మారలేదు, పిలిచేవాళ్ళ గొంతు మారింది.

మరి మన ఇళ్ళల్లో...

ఇవన్నీ చూస్తే ఒకటి తెలుస్తోంది కదూ. వీళ్ళకి పేరొచ్చింది చేసిన పనిని బట్టి, ఒంటి రంగును బట్టో పొడవును బట్టో కాదు. మనమేమో పిల్లల్ని నల్లపిల్ల, బొండాం, మొద్దు, బక్కోడు అని పిలిచేస్తాం. ముద్దుకే అంటాం, నిజమే. కానీ పాకే పిల్లకి ముద్దుగా ఉన్న 'నల్లపిల్ల', పెళ్ళిచూపుల నాటికి ముల్లై గుచ్చుకుంటుంది. ఇంట్లో పుట్టిన పేరు వీధికి, వీధి నుంచి బడికి వెళ్ళడానికి ఎన్నాళ్ళో పట్టదు.

'మా అత్తయ్యగారు మొదలుపెట్టారు, ఎలా ఆపను?' అంటారా? పెద్దవాళ్ళతో గొడవ పడక్కర్లేదు. మీరు మాత్రం పిల్లని అసలు పేరుతోనే పిలవండి. చుట్టాల ముందు మరీ. తమ్ముడికి అన్నం కలిపి పెట్టిన రోజున 'మా ఇంటి సీతమ్మగారు' అని నలుగురిలో అనండి. తప్పు చేసింది నేనేనని ధైర్యంగా ఒప్పుకున్న రోజున 'మా కేసరి' అనండి. పిల్లలు ఏ పేరు విని మురిసిపోతారో ఆ పేరుకి తగ్గట్టు ఉండాలని చూస్తారు. ఎలాగూ ఒక ముద్దుపేరు పెడతాం. అదేదో వాళ్ళు తలెత్తుకునేదిగా పెడదాం. ఏమంటారు?