భంగా, గంజా శబ్దముల అర్థభేదము – నౌగావ్ సేద్యము ఆధారముగా ఒక విచారము

మన నిఘంటువులలో ‘భంగ’ అను పదమునకు గంజాయి అనియు, ‘గంజాయి’ అను పదమునకు భంగ అనియు అర్థములు వ్రాయుట పరిపాటి. ఈ అలవాటు వలన వ్యాఖ్యానములలో పెద్ద చిక్కు ఏర్పడుచున్నది. అథర్వవేదము పదునొకండవ కాండము ఆఱవ సూక్తములో, సోమము శ్రేష్ఠముగా గల ఐదు ఓషధీరాజ్యముల ప్రస్తావనలో దర్భ, యవలతోపాటు భంగము కూడ పేర్కొనబడినది. దీనిని ‘గంజాయి’ అని తెలిగించిన తోడనే, వైదికులు గంజాయి సేవించెడివారను భావము చదువరి మనస్సులో తనంత తాను కుదురుకొనును. ఆ మంత్రమున సేవన ప్రసక్తియే లేదు. పాపవిముక్తికై చేసిన ప్రార్థన మాత్రమే కలదు. భంగ, గంజ అనునవి ఒకే మొక్కకు సంబంధించినవే. అయినను అవి ఒకే వస్తువును చెప్పు శబ్దములు కావు. వాని భేదము సేద్యవిధానమును బట్టి ఏర్పడినది. కావున ముందు మొక్కను, పిదప శబ్దమును పరిశీలింతము.

లిన్నేయస్ 1753లో ఐరోపా మొక్కకు కన్నాబిస్ సటైవా అని పేరిడెను. భారతదేశమునుండి వచ్చిన నమూనాలను చూచి లమార్క్ 1785లో కన్నాబిస్ ఇండికా అను వేఱొక జాతిని ప్రతిపాదించెను. అతడు చూపిన లక్షణములివి: మొక్క పొట్టిది, కొమ్మలు ఎక్కువ, కాండము గట్టిది, ఆకు తునుకలు సన్ననివి, వాసన ఘాటైనది. నారకు పనికిరాదు, మత్తు మాత్రము కలిగించును. నేటి వ్యాపార వ్యవహారమున ‘ఇండికా’ అని పిలువబడునవి హిందూకుష్ ప్రాంతపు వెడల్పాకు మొక్కలు. వానికిని లమార్క్ వర్ణించిన మొక్కకును పేరులో తప్ప పొత్తు తక్కువ. 1976లో స్మాల్, క్రాంక్విస్ట్ అను శాస్త్రజ్ఞులు రెంటిని ఒకే జాతిగా గ్రహించి, ఇండికాను ఉపజాతిగా నిలిపిరి.

ఈ మొక్కలో ఆడ, మగ పూవులు సాధారణముగా వేర్వేఱు మొక్కలపై పూయును. మగపూవు పుప్పొడి సోకినచో ఆడమొక్క గింజ కట్టును. సోకనిచో పూగుత్తి పెరుగుచునే పోయి జిగురుతో నిండును. ఆ గింజలేని, జిగురుపట్టిన ఆడ పూగుత్తియే గంజా. అనగా గంజా అనునది మొక్క పేరు కాదు, రైతు చేతిపని వలన లభించు ఫలము.

దీనికి చక్కని దృష్టాంతము వంగదేశమునందలి నౌగావ్ గంజా మహలు. ఇది రాజశాహి, దినాజ్‌పూర్, బొగ్రా జిల్లాల సంధిప్రదేశము, నేడు బంగ్లాదేశములో నున్నది. అచ్చటి నాటురకపు సేద్యమును హేమచంద్ర కేర్ 1877లోను, డేవిడ్ ప్రెయిన్ 1893లోను నివేదికలుగా వ్రాసిరి. శ్రావణ భాద్రపదముల ప్రాంతమున నారుమడిలో విత్తనము చల్లి, సెప్టెంబరులో మొక్కలను పొలమున నాటెడివారు. నవంబరు నాటికి ‘పోద్దార్’ అను నిపుణుడు వరుస వరుసకును తిరిగి, మొగ్గను చూచి మగమొక్కలను గుర్తించి తీసివేయించెడివాడు. ఒక్క మగమొక్క నిలిచినను చుట్టుప్రక్కల పంటకు ముప్పే. ఆడమొక్కపైననే అప్పుడప్పుడు మగపూవులు పూయును గాన ఈ గాలింపు ఒకమారుతో ముగియదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో కోసి, కాలితో త్రొక్కి అణచినది చపటా గంజా, గుండ్రముగా చుట్టినది గోల్ గంజా, రాలిన పొడి చూర్. 1917లో రైతులు సహకార సంఘముగా ఏర్పడిరి. 1980ల చివరినాటికి ఆ సేద్యము నిలిచిపోయినది.

1893–94లో పనిచేసిన భారత గంజా విచారణ సంఘము భంగును ఆకుగాను, గంజాను పూగుత్తిగాను, చరసును జిగురుగాను స్పష్టముగా విడదీసెను. భంగుకు హిమవత్పాదములలో తనంత మొలచిన మొక్కయే చాలును, పోద్దార్‌తో పనిలేదు. తెలుగునాట బాపట్ల ప్రాంతపు సంతరావూరు, దగ్గుబాడులలో నాడు సాగిన గంజాయి సేద్యమును గూర్చియు ఆ సంఘము విచారించినది.

ఇప్పుడు శబ్దమునకు వత్తము. పాణిని 5.2.4 సూత్రములో తిల, మాష, ఉమా, అణువులతోపాటు భంగను చేర్చి, దాని పొలమునకు భంగ్యము, భాంగీనము అను రూపములు సాధించెను. భంగ అప్పటికే పైరని దీనివలన తేలుచున్నది. నూవులు, మినుములు, అవిసెల సరసన నిలుచుటచే గింజకో, నారకో పండించిరని ఊహించుట సబబుగా నుండును. మత్తునకని చెప్పుటకు సూత్రములో ఆధారము లేదు. అమరసింహుడు వైశ్యవర్గములో భంగకు మాతులానీ అని పర్యాయము చెప్పెను. అదే అమరములో పురవర్గమున ‘గంజా’ శబ్దమునకు మదిరాగృహమను అర్థమే కలదు! మొక్కతో దానికి సంబంధము చెప్పబడలేదు.

శార్ఙ్గధరుడు వ్యవాయి ద్రవ్యములకు ఉదాహరణముగా భంగను, నల్లమందును చూపెను. పదునాఱవ శతాబ్దపు భావప్రకాశములో మాత్రమే కాదు గాని, అందు భంగా, గంజా, మాతులానీ, మాదినీ, విజయా, జయా అను పేర్లు ఒకే వరుసలో కానవచ్చును. ఈ వరుసనే వెనుకకు నడిపి వేదమునకు అన్వయించుట కాలవిరుద్ధము. ‘విజయా’ విషయమున మఱింత జాగ్రత్త వలయును. ఇది కరక్కాయకును పేరు. యోగములో విజయా అని యున్నంత మాత్రమున గంజాయి అని తెలిగించినచో విద్యార్థి ఔషధమునే మార్చివేయును.

శణశబ్దముతోను ఇట్టి కలతయే కలదు. అథర్వవేదము రెండవ కాండమున జంగిడముతో కూడి వచ్చు శణమును పలువురు భంగతో కలిపివేసిరి. శణము మన జనుము. జనుము వేఱు, గోగు వేఱు. గోగు ఆకు ఈ మొక్క ఆకును పోలియుండుటచే లిన్నేయస్ దానికి ‘కన్నాబినస్’ అను విశేషణమును తగిలించెను, పోలిక అంతవఱకే.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టము గంజాను నిర్వచించుచు, పూతకొనలు లేని ఆకులను, గింజలను అందుండి మినహాయించినది. పోద్దార్ మొగ్గను చూచి చేసిన విభాగమే శాసనములోను నిలిచియున్నది. అథర్వమంత్రమును తెలిగించు నపుడు ‘భంగము’ అని తత్సమముగా ఉంచి, మొక్క పరిచయమును వ్యాఖ్యలో చేర్చుట యుక్తము.