మందు డ్రమ్ముల గట్టు పంచాయితీ

నేలకొండపల్లి దిక్కు పొద్దుగాల ఏ మిర్చి తోటకాడికి పోయినా ఒకటే ముచ్చట. డ్రమ్ముల నీళ్లు పోసుడు, పురుగుమందు, తెగులుమందు, వేపనూనె, టానిక్కు అన్నీ గుమ్మరించుడు, కట్టెతోటి తిప్పుడు. ‘ఒక్క కూలి ఖర్చుల అన్నీ అయిపోతయి’ అంటరు. 2021ల నల్ల తామరపురుగు ఖమ్మం మిర్చిని ఎట్ల ఊడ్చిందో మనం మర్చిపోలే. ఆ భయంల రైతు చేతికి దొరికిందల్లా కలపక ఏం జేస్తడు? కానీ తమ్మీ, కలిసిపోవుడు వేరు, కలిసినట్టు కనపడుడు వేరు. పంట మాడుడు, పైసలు పోవుడు ఈ తేడా కాడనే ఉంది.

నీళ్ల అణువులు ఒకదాన్నొకటి గుంజుకుంటయి. లోపలున్నదాన్ని అన్ని దిక్కులకెల్లి గుంజుతయి. పైనున్నదాన్ని మీదికి గుంజేటోళ్లు లేరు. అందుకే నీళ్ల మీది పొర బిగుసుకుంటది. చేమాకు మీద నీళ్ల సుక్క గోలీ లెక్క దొర్లేది అందుకే. దీన్నే తలతన్యత అంటరు. 20 డిగ్రీల కాడ నీళ్లది మీటరుకు దాదాపు 73 మిల్లీన్యూటన్లు. నూనెలది అందుల సగం కూడా దాటదు.

రెండు ద్రవాలు ఎదురైతే నడుమ గట్టు పడ్తది. ఆ గట్టుకూ బిగువు ఉంటది. కొన్ని జతలు కొంతవరకే కలుస్తయి. డిగ్రీ కెమిస్ట్రీ ల్యాబుల ఫినాలు, నీళ్ల ప్రయోగం చేసినోళ్లకు ఇది తెలుసు. 20 డిగ్రీల కాడ 100 గ్రాముల నీళ్లు దాదాపు 8 గ్రాముల ఫినాలునే కరిగించుకుంటయి. ఇంకా పోస్తే కింద ఇంకో పొర తేలుతది. అదేమో ఫినాలు నిండిన పొర, కానీ దాంట్ల కూడా పావు వంతుకు పైనే నీళ్లుంటయి. ఇంకింత ఫినాలు పోసినా కింది పొర మందం పెరుగుతది గానీ రెండు పొరల పాళ్లు మారవు. ఇటు ఎన్ని అణువులు దాటితే అటు అన్నే దాటుతయి. అదే సమతాస్థితి.

1907ల ఆంటొనాఫ్ అనే రష్యా శాస్త్రవేత్త ఒక లెక్క చెప్పిండు. ఒకదాన్నొకటి తాగగలిగినంత తాగినంక రెండు పొరల తలతన్యతలు కొలువు. వాటి తేడానే నడుమ గట్టు బిగువు. బెంజీన్ తాగిన నీళ్లది దాదాపు 62, నీళ్లు తాగిన బెంజీన్‌ది దాదాపు 28, గట్టుది దాదాపు 34. అన్ని జతలకూ ఈ లెక్క నప్పదు గానీ, చానావాటికి దగ్గర పడ్తది. ఫినాలు నీళ్లను వేడి చేస్తే రెండు పొరలు ఒకదానిలెక్క ఒకటి అయితయి, తేడా తగ్గుతది. 66 డిగ్రీల కాడ తేడా సున్నా, గట్టు మాయం. ఉప్పు వేస్తే మాత్రం ఇంకా ఎక్కువ వేడి కావాలె.

ఇగ మన డ్రమ్ము సంగతి. వేపనూనె, నీళ్లు ఎంత తిప్పినా కలవయి. సబ్బు వేస్తే ఎందుకు పాల లెక్క అయితది? సబ్బు అణువుకు ఒక కొస నీళ్ల చుట్టం, ఇంకో కొస నూనె చుట్టం. పెద్దమనిషి లెక్క గట్టు మీద నిలబడి బిగువు తగ్గిస్తది. నూనె సన్న సుక్కలైతది. కానీ గట్టు పోలే, ఒక్క గట్టు కోట్ల గట్లు అయినయి. సుక్కలు మెల్లగ మళ్లీ ఒక్కటైతయి. సబ్బు మనకు టైము కొనిస్తది, అంతే. ఈసీ అని రాసున్న మందులల్ల కూడా అసొంటి పెద్దమనిషే ఉంటడు. నాలుగు మందులు కలిపితే పెద్దమనుషులకే పడకపోవచ్చు. బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువుంటే సబ్బు తెట్టె కడ్తది, పని చెయ్యదు. మందు పైకి తేలితే పంపు కిందికెల్లి ముందు నీళ్లను గుంజుతది, ఆఖరికి చిక్కటి మందును. అందుకే ఒక సాలుల పురుగు సావదు, ఇంకో సాలుల ఆకు మాడుతది.

ఏం జెయ్యాలె? డ్రమ్ముల పోసే ముందు చేతులకు గ్లౌజులు తొడుక్కొని, ఒక లీటరు తెల్ల సీసాల అవే నీళ్లు, అదే పాళ్ల మందులు కలుపు. ముందు పొడి మందు, తర్వాత చిక్కటి ద్రవం, ఆనక ఈసీ, ఆఖరికి జిగురు మందు. అర్ధగంట ఆగి చూడు. పొర తేలినా, పెరుగు లెక్క విరిగినా, సీసా వేడెక్కినా డ్రమ్ముల పొయ్యకు. విరగకున్నా పంటకు పనికొస్తదని గ్యారంటీ లేదు. లేబుల్ చదువు, వ్యవసాయ అధికారిని అడుగు, లేదంటే వైరా కృషి విజ్ఞాన కేంద్రంల అడుగు. వేపనూనెకైతే సబ్బునీళ్లల్ల ముందు బాగ గిలకొట్టి, తర్వాత డ్రమ్ముల పోసి, ఎంబడే కొట్టు. ఆ సీసాను మళ్లీ ఇంట్ల వాడకు.

ఇంకొక మాట. ఆకు మీద పరుచుకునే మందు మన తోలు మీదా అట్లనే పరుచుకుంటది. 2017ల మహారాష్ట్ర యవత్మాల్‌ల పత్తికి మందు కొట్టి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు సచ్చిపోయిండ్రు. ఫోన్ల రీలు చూసే అర్ధగంట సీసా దిక్కు చూడు. కూలి ఒక్క రోజుది, పానం రేపటిది కూడా.