కబురు మోసిన కాళ్ళు

ఫోన్లు లేని రోజుల్లో పల్లెటూళ్ళో వార్త దానంతట అదే పాకిపోయేదని చాలామంది అనుకుంటారు. గాలి కబుర్ల మాటేమో గాని, ఇంటి కబురుకు మాత్రం ఒక దారి, ఒక గడువు, మోసే మనిషి ఉండేవారు. ఏ కబురు ఎలా వెళ్ళాలన్నది చాలావరకు ఆ గడువే తేల్చేది.

చావునే చూడండి. పొద్దున పోతే పొద్దుగూకేలోపు దహనమో ఖననమో అయిపోవాలి. పది మైళ్ళ అవతల ఉన్న ఆడపడుచుకు చివరిచూపు దక్కాలంటే ఉత్తరం పనికిరాదు. అర్ధరాత్రయినా మనిషి బయల్దేరాల్సిందే. వెళ్ళినవాడు గుమ్మం బయటే నిలబడి, "పెద్దాయనకు బాగాలేదు, ఉన్నపళంగా రమ్మన్నారు" అనేవాడు. వినేవాళ్ళకు అంతమాత్రం చాలు. రైలు దూరంలో ఉన్నవాళ్ళకు టెలిగ్రాం ఇచ్చేవారు. అదీ కుదరని చోటికి కార్డు ముక్క రాసేవారు. అది చావుకు అందకపోయినా పెద్దకర్మకు అందుతుంది. ఆ కార్డును వీధిలోనే చదివి, చింపి పారేసి, స్నానం చేసి ఇంట్లోకి వచ్చేవారు. నాలుగు మూలలా పసుపు పూసిన శుభలేఖ మాత్రం నేరుగా దేవుడి గూట్లోకి వెళ్ళేది.

పావు అణా కార్డు మన దేశంలోకి 1879 జూలైలో వచ్చింది. చౌకే గాని, చదివేదెవరు? 1951 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మందే. కార్డు వస్తే పోస్టుమానో, కరణమో, బడిపంతులో చదివి పెట్టాలి. అందుకే పాత ఉత్తరాల్లో క్షేమసమాచారాలు, వానలు, గొడ్డూగోదా సంగతులు తప్ప కష్టాలు పెద్దగా కనిపించవు. అత్త పెట్టే ఆరళ్ళ గురించి కోడలు పదిమంది చదివే కార్డు మీద ఎలా రాయిస్తుంది? ఆ మాట సంతలో కలిసిన పుట్టింటివాళ్ళ చెవిన పడాలి, లేదా ఊరూరా తిరిగి గాజులు తొడిగే మనిషి వెంట వెళ్ళాలి.

తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి పుట్టుక కబురు మెట్టినింటికి వెళ్ళేది. జాతకం కోసం పుట్టిన వేళ కూడా చెప్పాలి. గడియారం లేని ఇంట్లో నీడను చూసో, ఊరి పక్కగా పోయే రైలును బట్టో ఆ వేళ లెక్కకట్టేవారు. (ఎన్ని జాతకాలు ఆలస్యంగా నడిచిన రైళ్ళ మీద ఆధారపడ్డాయో!)

ఊళ్ళో కబుర్ల దారి వేరు. ఎవరి గేదె ఈనిందో ఎవరూ చెప్పక్కర్లేదు, జున్నుపాలు ఇంటికి వస్తే తెలిసిపోయేది. పెళ్ళికి ఆడవాళ్ళు గడపగడపకూ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచేవారు. ఒక్క గడప తప్పిపోయిందా, ఆ అలక ఏళ్ళ తరబడి నడిచేది.

ఇంతకీ మోసిందెవరు? ఇళ్ళ కబుర్లు ఎక్కువగా చాకలి, మంగలి కుటుంబాలవాళ్ళు మోశారు. పంట కళ్ళంలో కొలిచే మేరలోనే ఆ శ్రమ కూడా కలిసిపోయేది. చాటింపు వేయడం, సర్కారు కాగితాలు మోయడం దళితుల మీద పడేవి. నిజాం కాలపు తెలంగాణలో అది వెట్టి. ఠాణాకో, తహసీలు కచేరీకో కాగితం మోసుకుపోవడానికి ఇంటికొక మనిషి వంతు పడేది. కూలి లేదు, కాదనే వీలూ లేదు. పాత పల్లెలో అందరూ ఒకరి మంచిచెడ్డలు ఒకరు తెలుసుకుని బతికారని మురిసిపోయేవాళ్ళు ఈ నడక సంగతి ఎత్తరు. ఆ పలకరింపుల్లో ఆప్యాయత ఉంది, కాదనను. అయితే దాని ఖర్చు ఇంకొకరు పెట్టుకున్నారు.

పత్రికలు చాలాకాలం ఊళ్ళ కబుర్లు పట్టించుకోలేదు. 1914లో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రికలో ఉద్యమ వార్తలు వచ్చేవి గాని, మన వీధి సంగతులు కావు. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు తెచ్చాక ఊరి బోరింగు, ఊరి జాతర అచ్చులోకి వచ్చాయి. వాటితోపాటే ఫొటో వేసిన పెద్దకర్మ ప్రకటనలూ వచ్చాయి, కాలమ్ సెంటీమీటర్ల లెక్కన.