నీరు వచ్చిన ఏడే పక్షులు వస్తాయి

శీతకాలపు తెల్లవారుజాము. తుమ్మచెట్ల నడుమ సాగిపోయే మట్టికట్టమీద మంచు ఇంకా విడిపోలేదు. మెల్లగా వస్తున్న సైకిలు రిక్షా ఒకటి ఉన్నట్టుండి ఆగుతుంది. రిక్షా తొక్కే మనిషి నోరు విప్పడు. వేలు మాత్రం చూపుతాడు. నీటి నడుమ మోడువారిన చెట్టుమీద పాముమెడ పక్షి ఒకటి రెక్కలు బార్లా చాచి ఆరబెట్టుకొంటున్నది. ఆ వెనుక, మంచుతెర చాటున, వందలాది బాతుల కలకలం. సూర్యోదయం అయ్యేసరికి ఆ మడుగంతా రెక్కల చప్పుడుతో నిండిపోతుంది.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనం ఇది. ఆగ్రాకు సుమారు 55 కిలోమీటర్ల దూరం. తాజ్‌మహల్ చూడవచ్చిన యాత్రికుడు ఒక్క పూట మిగుల్చుకొంటే చాలు, ఇక్కడికి రావచ్చును. విస్తీర్ణం 29 చదరపు కిలోమీటర్లకు మించదు. అయినను ఇంత చిన్న నేలలో 350కి పైగా పక్షిజాతులను గుర్తించారు. ఏ కీకారణ్యంలోను ఇన్ని పక్షులను ఇంత దగ్గరగా, ఇంత సులభంగా చూడటం సాధ్యం కాదు.

వచ్చినవారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. కొండలు, కోనల వలె ఇది సహజంగా ఏర్పడిన చోటు కాదు. మనిషి చేతులతో మలచిన మడుగు.

రాజుల వేటకోసం

గంభీర్, బాణగంగ నదుల పరీవాహకంలో ఉన్న ఈ పల్లపునేల వానకాలంలో వరద పాలయ్యేది. 18వ శతాబ్దిలో భరత్‌పూర్‌ను ఏలిన సూరజ్‌మల్ మహారాజు అజాన్ బంధమనే కట్టను నిర్మించి ఆ నీటిని నిలిపాడు. 19వ శతాబ్ది చివరినాటికి ఆ వంశపు రాజులు ఈ పల్లాన్ని కట్టలతో గళ్లుగళ్లుగా విడదీసి, తూములు అమర్చి, కాలువద్వారా నీటిని మళ్లించారు. ఉద్దేశం పక్షిరక్షణ కాదు. బాతులవేటకు తగిన చెరువు కావాలి. వైస్రాయిలకు, సంస్థానాధీశులకు వినోదం కావాలి.

ఉద్యానవనం నడుమ కేవలాదేవ్ అనే శివాలయం ఉన్నది. ఈ వనానికి ఆ పేరు దానివల్లనే వచ్చినది. ఆలయానికి చేరువలో నిలిచిన శిలాఫలకంపై ఆ వేటల లెక్కలు చెక్కి ఉన్నవి: తేదీ, అతిథి పేరు, తుపాకుల సంఖ్య, కూలిన పక్షుల సంఖ్య. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో కూల్చినవి 4,273 పక్షులు. నేటి సందర్శకుడు ఆ అంకెను రెండుసార్లు చదువుకొంటాడు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ మడుగును ఎండగట్టి సాగుకు ఇవ్వాలన్న కోరిక బయలుదేరినది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పట్టుదలతో అడ్డుపడి, ప్రధాని నెహ్రూకు విషయం విన్నవించి, దీనిని కాపాడారు. పెద్ద వేటలు 1964తో ముగిసినవి. 1981లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడి నేలగాను, 1982లో జాతీయ ఉద్యానవనంగాను, 1985లో ప్రపంచ వారసత్వ స్థలంగాను దీనికి గుర్తింపు లభించినది.

గేదెలు నేర్పిన పాఠం

రక్షణ అన్నది అంత తేలికైన పని కాదని త్వరలోనే తెలిసివచ్చినది. చుట్టుపక్కల గ్రామాలవారు తరతరాలుగా తమ గేదెలను ఈ పచ్చికలో మేపుకొనేవారు. జాతీయ ఉద్యానవనంలో పశువులు మేయరాదన్నది నియమం. 1982 నవంబరులో మేపును నిషేధించగా గ్రామస్థులు ఎదురుతిరిగారు. పోలీసు కాల్పులు జరిగినవి, ప్రాణాలు పోయినవి. పక్షుల కోసం మనుషులు నేలకూలిన ఆ దినాన్ని అక్కడి పల్లెలు మరచిపోవడం ఎట్లా?

ఆ తరువాతి కథ మరింత ఆలోచింపజేస్తుంది. గేదెలు వెళ్లిపోయిన కొద్ది సంవత్సరాలకు నీటిగడ్డి అడ్డూ ఆపూ లేకుండా పెరిగి మడుగులను కమ్మివేసినది. బాతులు ఈదడానికి, ఆహారం వెదకుకొనడానికి అవసరమైన తెరిపినీరు తరిగిపోయినది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1980 నుండి పదేళ్లపాటు ఇక్కడ సాగించిన పరిశోధన ఒక వింత సత్యాన్ని బయటపెట్టినది: ఇన్నాళ్లూ గడ్డిని అదుపులో ఉంచి పక్షులకు మేలు చేసినవి ఆ గేదెలే. ఏ పశువును శత్రువుగా భావించి వెలివేశారో, అది ఈ నీటి లోకానికి తోటమాలిగా ఉండినది. తరువాతి కాలంలో చుట్టుపక్కల పల్లెలవారిని పిలిచి, వనమంతా అల్లుకొన్న సర్కారు తుమ్మను నరికించి, ఆ కలపను వారినే తీసుకొనిపోనిచ్చారు. పాత గాయాన్ని మాన్పడానికి అది ఒక చిన్న ప్రయత్నం.

తిరిగిరాని అతిథులు

భరత్‌పూర్ కీర్తి దేశదేశాలకు పాకడానికి ముఖ్యకారణం సైబీరియా కొంగ. మంచువంటి తెల్లని మేను, ఎర్రని ముఖం, ఎగిరినప్పుడు మాత్రమే కనిపించే నల్లని రెక్కల కొసలు. పశ్చిమ సైబీరియాలోని ఓబ్ నదీతీరాల నుండి ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా వేల కిలోమీటర్లు ప్రయాణించి, లోతు తక్కువైన ఈ నీటిలో తుంగదుంపలు తవ్వుకొని తినడానికి ప్రతి శీతకాలమూ వచ్చేది. 1960లలో వీటి సంఖ్య సుమారు రెండువందలు. ఏటేటా అది క్షీణించినది. దారిపొడవునా వేటగాళ్లు పొంచి ఉన్నారు. ఆఫ్ఘనిస్తాన్‌లో యుద్ధం రగులుతూ ఉన్నది. 1990లలో, బోనులలో పెంచిన కొంగపిల్లలను ఇక్కడ విడిచి, అడవికొంగల వెంట వలసదారి పట్టించాలని చేసిన యత్నం ఫలించలేదు. 2001–02 శీతకాలంలో ఒక జంట వచ్చినది. అదే చివరి రాక. ఆ తరువాత ఏ శీతకాలమూ అవి కనిపించలేదు.

ఒక దేశం ఎంత పెద్ద ప్రహరీ కట్టినా, వలసపక్షిని ఆ దేశం ఒక్కటే కాపాడలేదనడానికి ఇంతకుమించిన నిదర్శనం లేదు.

నీరెవరిది?

ఇక మిగిలినది నీటి సమస్య. తొలకరి వరద అజాన్ బంధంలో చేరి, అక్కడినుండి కాలువగుండా ఉద్యానవనానికి రావాలి. ఆ నీటితోపాటు లెక్కలేనన్ని చేపపిల్లలు కొట్టుకొనివస్తాయి. జులై నుండి అక్టోబరు వరకు తుమ్మచెట్లపై గూళ్లు కట్టే రంగుల కొంగలు, నీటికాకులు, తెల్లకంకణాలు తమ పిల్లలను సాకేది ఆ చేపలతోనే. కనుక నీరు రాని సంవత్సరం గూళ్లు ఉండవు.

కరౌలీ జిల్లాలో గంభీర్ నదిపై పాంచనా ఆనకట్ట వెలసిన తరువాత కిందికి వచ్చే ప్రవాహం తగ్గినది. 2004లో ఉద్యానవనం దాదాపు ఎండిపోయినది. నీరు విడువమని కోరగా, ఎగువన రైతులు అభ్యంతరం చెప్పారు. తమ పొలాలు బీటలు వారుతుంటే పక్షులకు నీరా అన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నను తోసిపుచ్చడం సులభం కాదు. తరువాత గోవర్ధన్ మురుగుకాలువలోని వరదనీటిని గొట్టాలద్వారా మళ్లించే పథకం 2012 నాటికి పూర్తి అయినది. చంబల్ తాగునీటి పథకం నుండికూడ కొంత నీరు అందుతున్నది. అయితే శుద్ధిచేసిన నీటిలో చేపపిల్లలు ఉండవు. కొంగకు దాహం తీరడం ఒకటి, దాని బిడ్డకు ఆకలి తీరడం మరొకటి.

చూడవచ్చేవారికి

గూళ్ల సందడి చూడగోరేవారు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో రావాలి. ఉత్తరాది నుండి వచ్చే బాతులను, హిమాలయ శిఖరాల మీదుగా ఎగిరివచ్చే పట్టెతల బాతులను చూడదలచినవారికి నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అద్దె సైకిలుమీదనో, కాలినడకనో తిరగవచ్చును. అన్నిటికంటె రిక్షా మేలు. అటవీశాఖ శిక్షణ ఇచ్చిన రిక్షావారికి పక్షుల పేర్లు, గూళ్లు, గొంతులు కరతలామలకం. మనం ఆకు అనుకొన్నదాన్ని గుడ్లగూబ అని వారు చూపుతారు. మోడు అనుకొన్నది మెల్లగా కదిలి కొండచిలువ అవుతుంది. దుప్పులు, కణుజులు, మనుబోతులు గడ్డిలో మేస్తూ తల ఎత్తి చూస్తాయి. జీవితమంతా ఒకే జంటగా మెలుగుతాయని పేరుపొందిన సారసాలు పొలంగట్లపై నడుస్తాయి.

సాయంకాలం తిరుగుముఖం పట్టేటప్పుడు సందర్శకులు మళ్లీ ఆ శిలాఫలకం దగ్గర ఆగుతారు. ఒకనాడు ఎన్ని పక్షులను చంపితే అంత గొప్ప. ఈనాడు అదే గట్టుమీద అటవీ సిబ్బంది, విద్యార్థులు పుస్తకం పట్టుకొని బ్రతికి ఉన్నవాటిని లెక్కపెడుతున్నారు. ఆ పుస్తకంలో రేపు ఏ అంకె పడుతుందన్నది పక్షుల చేతిలో లేదు. తొలకరి వేళ ఎగువన తూము తెరచే మనిషి చేతిలో ఉన్నది.